రెండు ఖాళీలు

కురెస్సారెలో ఆ ఏడు ఫిబ్రవరి దాకా సముద్రం గడ్డకట్టలేదు.
చర్చి రిజిస్టర్ల గదిలో మాత్రం
వేలికొసలు కొరికే చలి.
యాభై ఎనిమిదేళ్ల హెల్వి
చేతితొడుగుల వేళ్లు కత్తిరించుకుని
దీవిలో పుట్టినవాళ్లను ఎక్కిస్తోంది
మనిషికో ఫైలు.

పాదిరి రాసుకున్న తీరే ఫైలు పేరు:
మనిషి పేరు, పక్కన నక్షత్రం, అంటే పుట్టుక,
ఆపైన ఏడాది.
పోయినవాళ్లకు చివర చిన్న శిలువ.

మిహ్కెల్ * 1871.
ఇతనికి శిలువ లేదు.
వల భుజాన వేసుకుని వెళ్లినవాడు
ఇంకా వెళ్తూనే ఉన్నట్టు లెక్క.

పైగా రెండుసార్లు ఎక్కాడు.
ఒకచోట పేరుకీ నక్షత్రానికీ నడుమ ఒక ఖాళీ,
ఇంకోచోట రెండు.
ఒక ఖాళీ ఉన్నదాన్ని తీసేద్దామనుకుంది.
పేరు ఒక వేరియబుల్లో దాచి
ఆర్ ఎమ్ కొట్టి, డాలర్ గుర్తు పెట్టి, ఎంటర్ నొక్కింది.

తెర రెండు ముక్కలు చెప్పింది.
మిహ్కెల్ అనే ఫైలు లేదు.
1871 అనే ఫైలు లేదు.
ఆ రెండు ఫిర్యాదుల నడుమ
నోరెత్తకుండా జరిగిపోయింది ఒకటి.

ఫోల్డరు తెరిచి చూస్తే
తుడిచిన పలక.
రెండువందల పద్నాలుగు పుట్టుకలు.

ఓడల టికెట్ల ఆఫీసు నుంచి తానెల్ వచ్చాడు,
ఆమె కొడుకు కంటే చిన్నవాడు.
తిట్టలేదు. తిట్టినా బాగుండేది.
ఫ్లాస్కులో కాఫీ వంచి, గోడ చూస్తూ అన్నాడు:

"నువ్వు రాసిన చీటీ
చేరాల్సినవాడికి చేరేలోపు
దారిలో షెల్లు విప్పి చూస్తుంది.
డాలర్ కనిపిస్తే దాని కడుపులోది బయట పోస్తుంది.
ఆ పోసినదాంట్లో ఖాళీ దొరికిన చోటల్లా కత్తెర.
నక్షత్రం ఒంటరిగా దొరికిందా,
గదిలో ఉన్నవాళ్లందరినీ లేపి
వరసలో నిలబెడుతుంది.
ఆర్ ఎమ్‌కి ఇదంతా ఏం తెలుసు?
చేతికి ఇచ్చినవాళ్లను చెరిపింది."

హెల్వి చాలాసేపు మాట్లాడలేదు.
ఒక్కడి పుట్టుక రాస్తే
అది ఊరు ఊరంతటినీ పిలిచిందన్నమాట.

గురువారం నాటి టేపు ఉంది.
అందులో లేనివి అరవై ఒకటి.
మూడు రోజులు మళ్లీ టైపు చేసింది
రొట్టె ఒక చేత్తో తింటూ.
సాయంత్రాలు తానెల్ దగ్గర పాఠం.

ఒంటి కోట్ల లోపల ఎవరూ మేలుకోరు,
డాలర్ కూడా రాతిలో చెక్కిన డాలరే.
ఇంకో ఒంటి కోటు వచ్చి తలుపు తట్టిందా,
ఇల్లే మూసేసుకుంటుంది.
జంట కోట్ల లోపల డాలర్ లేస్తుంది,
దాని చుట్టాలు ఒకరిద్దరు లేస్తారు,
ఖాళీలు కదలవు, నక్షత్రం నక్షత్రమే.
వెనక్కి వాలిన గీత ఒంటరి కావలివాడు,
తన పక్కనున్న ఒక్క అక్షరానికే కాపు.

ఇది తెలుగులో చెప్పుకుంటున్న నాకు
కోటు అంటే చలికి తొడిగేది కూడా.
ఆ గదిలో రెండు అర్థాలూ అవసరమే.

"ముందు ఎకో అను," అన్నాడు తానెల్,
"కోసేముందు పైకి చదువుకో."

నాలుగో రోజు కావాలనే
కోట్లు లేకుండా ఎకో అంది.
మిహ్కెల్ పేరు వచ్చింది, ఆ వెనకే
రీనా, యాన్, ఆడో, పసిగా పోయిన ఆడో తమ్ముడు,
మంత్రసాని ట్రీను,
ఊరంతా పొర్లుకుంటూ వచ్చింది,
అందరి వెనకా 1871, ఆగి ఊపిరి పీల్చుకున్నట్టు.
హెల్వి ఒక్కో పేరూ చదివింది.
చదివేటప్పుడు కళ్లజోడు రెండుసార్లు తుడుచుకుంది,
ఆవిరే అనుకోండి.

తర్వాత జంట కోట్లు.
ఒక ఖాళీ ఉన్న నకలును పైకి చదివి చూసుకుని
కోట్లతోనే చెరిపేసింది.
అదొక్కటే పోయింది.

మిగిలినవాణ్ని పిలిచింది.

మిహ్కెల్  * 1871

పేరు తర్వాత రెండు ఖాళీలు, చెక్కుచెదరకుండా.
నూటయాభై ఏళ్ల కిందట ఏదో చలికాలం
పాదిరి ఆ పేరు రాసి
కలం పైకెత్తి
కాసేపు ఎటో చూసి ఉంటాడు.